ఆకు రాలిస్తే అడవి కాకుండా పోతుందా?



కోనసీమలో ఏ నెలలో చూసినా పచ్చగానే ఉంటుంది. కొబ్బరిచెట్టు కింద ఒక మట్ట రాలుస్తుంది, పైన ఒక మట్ట వేస్తుంది. చెట్టంతా ఒకేసారి బోడి అయిపోవడం ఉండదు. కానీ మనలో మన్యం నుంచి వచ్చి చదువుకుంటున్న వాళ్ళకి ఇంకో రకం అడవి తెలుసు. దసరా సెలవలకి ఇంటికెళ్తే కొండంతా ఆకు కమ్మేసి, పక్కనున్న దారి కూడా కనబడదు. సంక్రాంతికి వెళ్తే ఆకు పసుపు తిరిగి ఉంటుంది, కాలికింద గలగలమంటుంది. వేసవి సెలవలకి వెళ్తే చాలా చెట్లు ఒట్టి కొమ్మలతో నిలబడి ఉంటాయి. కొన్ని అప్పుడే ఎర్రటి లేత చిగురు తొడుగుతుంటాయి.

ఇలా ఏటా ఆకు రాల్చి మళ్ళీ తొడిగే అడవిని ఆకురాల్చే అడవి అంటారు. రంపచోడవరం, అడ్డతీగల, పాపికొండల చుట్టూ ఉన్నది ఎక్కువగా ఇదే. టేకు, మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, బూరుగ అన్నీ ఆకురాల్చే చెట్లే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆకాశం మీంచి ఎవరో మార్చి నెలలో ఒక ఫొటో తీసి, "ఈ కొండమీద అడవి లేదు" అని రాసుకుంటే ఏమవుతుంది? నవ్వకండి. మన దేశంలో అడవి ఎంత ఉందో లెక్క తేల్చేది ఉపగ్రహం తీసిన బొమ్మలతోనే. మన పోడు భూమి పట్టా దగ్గర కూడా ఉపగ్రహం బొమ్మ మాట వస్తుంది. అందుకే ఆ బొమ్మ ఎలా తయారవుతుందో, ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ పొరపడుతుందో మనకి తెలిసి ఉండాలి.

చెట్టు ఆకు ఎందుకు రాలుస్తుంది?

ఆకు అడుగున కంటికి కనబడని చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటినే పత్రరంధ్రాలు అంటారని సైన్సు పుస్తకంలో చదివాం. వేరు తాగిన నీళ్ళలో చాలా భాగం వాటిలోంచే ఆవిరైపోతుంది. వానాకాలంలో ఫరవాలేదు, నేలలో నీరుంటుంది. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి కొండనేల ఎండిపోతుంది. అప్పుడు కూడా ఆకులన్నీ ఉంటే చెట్టు తాగేదానికన్నా పోగొట్టుకునేదే ఎక్కువ. అందుకని చెట్టు ముందే జాగ్రత్త పడుతుంది. ఆకులో ఉన్న పోషకాలు వెనక్కి లాక్కుంటుంది. పత్రహరితం విరిగిపోయి ఆకు పసుపు తిరుగుతుంది. తరవాత తొడిమ దగ్గర ఒక పొర ఏర్పడి ఆకు ఊడిపోతుంది. అంటే ఆకు రాలడం చావు కాదు, పొదుపు అన్నమాట.

ఇంకో విచిత్రం చూడండి. చాలా చెట్లు వాన కోసం ఆగవు. ఏప్రిల్, మే ఎండల్లోనే, లోతు వేరుకి అందిన నీటితో చిగురు వేసేస్తాయి. తొలకరి పడేసరికి ఆకు సిద్ధంగా ఉంటుంది. మోదుగ, ఇప్ప చెట్లు ఆకు లేని రోజుల్లోనే పూస్తాయి. మన పెద్దవాళ్ళ ఏడాది పనులన్నీ ఈ లెక్క ప్రకారమే నడుస్తాయి. ఇప్పపూలు ఏరేది ఎప్పుడు, తునికాకు కోసేది ఎప్పుడు, పోడులో విత్తేది ఎప్పుడు అన్నది చెట్టే చెబుతుంది.

ఉపగ్రహానికి అడవి ఎలా కనబడుతుంది?

మన దేశం భూమిని చూసే పెద్ద ఉపగ్రహాన్ని మొదటిసారి 1988 మార్చి 17న పంపింది. దాని పేరు ఐ.ఆర్.ఎస్.-1ఎ. తరవాత అదే వరసలో చాలా వచ్చాయి. 2003లో రిసోర్స్‌శాట్-1, 2011లో రిసోర్స్‌శాట్-2, 2016లో రిసోర్స్‌శాట్-2ఎ వెళ్ళాయి. ఇవి సుమారు 817 కిలోమీటర్ల ఎత్తులో ఉత్తర దక్షిణాలుగా తిరుగుతాయి. మన మీదుగా పోయేటప్పుడు పొద్దున సుమారు పదిన్నర అవుతుంది. అవి పంపిన బొమ్మల్ని హైదరాబాద్ దగ్గరున్న షాద్‌నగర్ కేంద్రంలో అందుకుంటారు. ఆ పని చూసేది నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచీ ఇదే పని చేస్తున్నాయి. యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి వచ్చాయి. అవి రెండు కలిసి 5 రోజులకొకసారి ఒకే చోటును చూస్తాయి.

ఇవి మామూలు ఫొటో తీయవు. సూర్యుడి వెలుగులో మన కంటికి కనబడే రంగులతోపాటు కనబడని కిరణాలు కూడా ఉంటాయి. ఎరుపు దాటాక వచ్చేవాటిని పరారుణ కిరణాలు అంటారు. పచ్చటి ఆకు వీటితో రెండు రకాలుగా నడుచుకుంటుంది.

ఒకటి, ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగుని మింగేస్తుంది. ఆహారం తయారుచేసుకోవడానికి దానికి అది కావాలి.

రెండు, పరారుణ కిరణాలతో ఆకుకి పనిలేదు. ఆకు లోపలి స్పంజి లాంటి కణాలు వాటిని అటూ ఇటూ చెదరగొట్టి వెనక్కి పంపేస్తాయి.

కాబట్టి ఆకు నిండుగా ఉన్న అడవి నుంచి ఎరుపు చాలా తక్కువగా, పరారుణం చాలా ఎక్కువగా పైకి వస్తాయి. ఆకు రాలితే నేల, ఎండుటాకు, బెరడు బయటపడతాయి. అప్పుడు ఎరుపు పెరుగుతుంది, పరారుణం తగ్గుతుంది. ఈ తేడానే ఉపగ్రహం పట్టుకుంటుంది.

కనబడని కిరణాన్ని బొమ్మలో చూపించాలి కదా! అందుకని పరారుణానికి ఎరుపు రంగు వేస్తారు. అందువల్ల ఆ బొమ్మలో అడవి పచ్చగా కాదు, ఎర్రగా ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటలూ ఎర్రగానే ఉంటాయి. గోదావరి నీళ్ళు నల్లగానో ముదురు నీలంగానో కనబడతాయి. ఆకు రాలిన కొండ బూడిదరంగుకి తిరుగుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు అడవి తగలబడిందనుకుంటారు!

చిన్న లెక్క

ఆకు ఎంత ఉందో అంకెలో చెప్పడానికి శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేస్తారు. దాన్ని ఎన్.డి.వి.ఐ. అంటారు. ఏడో తరగతి వాళ్ళు కూడా చేయొచ్చు. పరారుణంలోంచి ఎరుపు తీసెయ్యాలి. వచ్చినదాన్ని ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. అంతే.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. దసరా నాటికి ఒక కొండ నుంచి పరారుణం 50 వంతులు, ఎరుపు 5 వంతులు వచ్చాయనుకోండి. తేడా 45, మొత్తం 55. భాగిస్తే 0.82. సంక్రాంతికి పరారుణం 40, ఎరుపు 10 అయితే 30ని 50తో భాగించాలి, 0.60. ఆకంతా రాలాక పరారుణం 25, ఎరుపు 15 అయితే 10ని 40తో భాగించాలి, 0.25. ఆకు ఎంత నిండుగా ఉంటే అంకె 1కి అంత దగ్గరవుతుంది. బీడు నేలకి సున్నా దగ్గర్లో ఉంటుంది. నీటికి సాధారణంగా సున్నా కిందికి పోతుంది.

ఇలా ఏడాది పొడుగునా లెక్కకట్టి గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. ఆకురాల్చే అడవికి ఒక కొండ, ఒక లోయ వస్తాయి. జనవరి నుంచి గీత దిగుతుంది. మార్చి, ఏప్రిల్ దగ్గర అడుగంటుతుంది. చిగురుతో మెల్లగా లేచి, వానలతో పైకెక్కి, సెప్టెంబరు, అక్టోబరుల్లో శిఖరం మీద ఉంటుంది. కొబ్బరితోట గీత దాదాపు అడ్డంగా పోతుంది. కోనసీమ వరిచేను గీత ఏడాదికి రెండుసార్లు లేచి రెండుసార్లు పడుతుంది. ఎందుకంటే సార్వా, దాళ్వా రెండు పంటలు కదా!

మరి చెట్లు నరికేసి గడ్డి మొలిచిన చోటు? అదీ వానాకాలంలో పచ్చబడుతుంది. ఒక్క ఆగస్టు బొమ్మ చూస్తే అడవో గడ్డో తేల్చడం కష్టం. గీత చూస్తే తెలిసిపోతుంది. గడ్డి వేరు లోతుకి పోదు. వాన పడగానే లేస్తుంది, వాన ఆగగానే పడిపోతుంది. చెట్టు వాన రాకముందే లేచి, వాన పోయాక కూడా రెండు మూడు నెలలు నిలబడుతుంది. మనిషిని ముఖం చూసి పోల్చుకున్నట్టు, అడవిని ఏడాది నడక చూసి పోల్చుకోవాలి.

బొమ్మకి వచ్చే ఇబ్బందులు

మొదటిది మబ్బు. అడవి బాగా పచ్చగా ఉండే జులై, ఆగస్టుల్లోనే ఆకాశం మూసుకుపోతుంది. మామూలు కెమెరాకి మబ్బు తప్ప ఇంకేమీ కనబడదు. దీనికి ఒక ఉపాయం, పదిహేను పదహారు రోజుల బొమ్మలు పోగేసి, ఒక్కో చోటికి మబ్బులేని రోజుది ఏరుకోవడం. ఇంకో ఉపాయం రాడార్. రాడార్ తనే తరంగాలు పంపి, తిరిగి వచ్చినవాటిని అందుకుంటుంది. దానికి మబ్బూ చీకటీ అడ్డం కావు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ ఇలాంటిదే. ఇస్రో, నాసా కలిసి దాన్ని తయారుచేశాయి. 12 రోజులకొకసారి ఒకే చోటుకి తిరిగి వచ్చేలా దాన్ని రూపొందించారు.

రెండోది నీడ. చలికాలంలో పొద్దు వాలుగా ఉంటుంది. పదిన్నరకి కూడా మారేడుమిల్లి లాంటి ఘాట్‌లలో కొండకి పడమటి వైపు నీడలో ఉంటుంది. నీడలో ఉన్న అడవి నల్లగా, ఏమీ లేనట్టు కనబడొచ్చు.

మూడోది గడి. ఉపగ్రహం బొమ్మ అంతా చిన్న చిన్న గడులతో అల్లిన చాపలాంటిది. ఒక గడికి ఒకటే రంగు. రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరాకి ఒక గడి నేలమీద 23.5 మీటర్ల పొడుగు, 23.5 మీటర్ల వెడల్పు. అంటే ఒక ఎకరానికి దాదాపు ఏడు గడులు. అర ఎకరం పోడు అంటే మూడు నాలుగు గడులే. గట్టు మీద పడిన గడిలో సగం చేను, సగం అడవి కలిసిపోతాయి. ఇంతకన్నా సన్నగా చూసే కెమెరాలు కూడా ఉన్నాయి. సెంటినెల్-2 గడి 10 మీటర్లు. అప్పుడు ఎకరానికి నలభై గడులు వస్తాయి.

నాలుగోది, పైనుంచి చూసేవాడికి పై గొడుగే కనబడుతుంది. చెట్టుకింద మొలకలున్నాయా లేవా, పశువులు మేసేశాయా అన్నది వానాకాలంలో తెలీదు.

అడవి లెక్క ఏ నెలలో తీస్తారు?

దేశం మొత్తం అడవి లెక్క చూసేది డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా. అది 1981లో ఏర్పడింది. 1987లో మొదటి నివేదిక ఇచ్చి, అప్పటినుంచి సుమారు రెండేళ్ళకొకటి ఇస్తోంది. దీనికోసం వాళ్ళు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసిన బొమ్మలు వాడతారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. అప్పుడు మబ్బు తక్కువ, ఆకురాల్చే చెట్లకి ఇంకా ఆకు ఉంటుంది. మార్చి బొమ్మ వాడితే మన కొండల్లో చాలా భాగం లెక్కలోంచి జారిపోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి గమనించాలి. ఆ లెక్కలో "అటవీ విస్తీర్ణం" అంటే ఒక హెక్టారుకి మించిన చోటు, చెట్ల నీడ నూటికి పది వంతులకు పైన ఉండాలి. ఆ భూమి ఎవరిది, ఆ చెట్టు ఏమిటి అని అడగరు. కాబట్టి మామిడితోట, సరుగుడు తోట, కొబ్బరితోట అన్నీ అందులోకి రావచ్చు. కోనసీమ కొబ్బరి నీడ కూడా ఆ కొలతకి అడవితో సమానమే! 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్ అటవీ విస్తీర్ణం అంతకుముందు నివేదిక కంటే 647 చదరపు కిలోమీటర్లు పెరిగిందని ఇచ్చారు. ఆసారి దేశంలో అదే ఎక్కువ. మంచి కబురే. కానీ అందులో ఇప్ప, మద్ది పెరిగిన చోటెంత, తోటలెంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు. ఏడాది నడక చూస్తే కొంత తెలుస్తుంది. కొండెక్కి చూస్తే పూర్తిగా తెలుస్తుంది.

ఆకు రాలిన రోజుల్లో నిప్పు

ఆకురాల్చే అడవికి ఫిబ్రవరి నుంచి మే దాకా పెద్ద గండం నిప్పు. మోకాలెత్తు ఎండుటాకు మీద ఒక్క బీడీముక్క చాలు. ఇప్పపూలు కనబడాలని చెట్టుకింద ఆకు కాల్చేవాళ్ళూ ఉన్నారు. ఆ నిప్పు చెట్టుకింద ఆగదు, అప్పుడే లేచిన మొలకల్ని మాడ్చేస్తుంది. పెద్దచెట్టు బతుకుతుంది కానీ దానికి పిల్లలుండవు. ఫారెస్ట్ సర్వే వాళ్ళు 2004 నుంచి ఉపగ్రహాల వేడి కొలతలతో మంటల్ని పసిగట్టి అటవీశాఖకి కబురు పంపుతున్నారు. కానీ ఉపగ్రహం మీదుగా పోయేలోపు చిన్న మంట లేచి ఆరిపోవచ్చు, లేదా పెద్దదైపోవచ్చు. ముందు చూసేది మనవాళ్ళే. ఇప్పచెట్టు కింద ఆకు కాల్చకుండా చీపురుతో ఊడ్చి ఒక పాత చీర పరిస్తే పువ్వూ శుభ్రంగా ఉంటుంది, మొలకా బతుకుతుంది. ఇంటికెళ్ళినప్పుడు ఈ మాట అమ్మకి, అత్తలకి చెప్పండి.

పోడు భూమీ ఉపగ్రహం బొమ్మా

ఇది పెద్దవాళ్ళ సంగతి అనుకోకండి, మనింటి సంగతే. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అటవీభూమిని సాగు చేసుకుంటున్న గిరిజనులకి దానిమీద హక్కు ఉంది. అది నాలుగు హెక్టార్లకి మించకూడదు. ఆనాటికి సాగులో ఉందని ఎలా తెలుస్తుంది? పాత ఉపగ్రహం బొమ్మ తీసి చూడొచ్చు. కానీ ఇప్పటిదాకా చదివినదంతా గుర్తు చేసుకోండి.

పోడులో మనవాళ్ళు చెట్లన్నీ కొట్టరు. ఇప్ప, మామిడి, చింత, జీలుగు ఉంచేస్తారు. సామ, చోడి కోసేసినా డిసెంబరులో కంది ఇంకా ఏపుగా నిలబడి ఉంటుంది. కొంత నేల రెండు మూడేళ్ళు బీడుగా వదిలితే పొద పెరుగుతుంది. పైనుంచి డిసెంబరులో ఒక్క బొమ్మ తీస్తే ఇవన్నీ ఆకున్న గడులే. దాన్ని మాత్రమే చూసినవాళ్ళు "ఇక్కడ సాగు లేదు, అడవే" అనుకోవచ్చు. అదే మే నెల బొమ్మ, ఆగస్టు బొమ్మ, ముందు వెనక ఏళ్ళ బొమ్మలు పక్కపక్కన పెడితే పోడు నడక వేరుగా కనబడుతుంది. మేలో ఉత్త నేల, ఆగస్టులో పంట. అంటే ఉపగ్రహం మనకి శత్రువూ కాదు, దేవుడూ కాదు. ఒక్క బొమ్మ అరకొర సాక్షి. వరసగా ఉన్న బొమ్మలు మంచి సాక్షి.

చట్టం కూడా ఈ మాటే చెప్పింది. 2012లో సవరించిన నిబంధనల్లో, ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకి తోడుగా ఉండొచ్చు కానీ వాటికి బదులు కావు అని రాశారు. ఊరి పెద్దల వాంగ్మూలం రాసుకుంటే అది సాక్ష్యం. వేసిన గట్టు, కట్టుకున్న పాక, చదును చేసిన నేల సాక్ష్యం. ఒకటికి మించిన సాక్ష్యాలు చూడాలని కూడా నిబంధనల్లో ఉంది. ఎవరైనా "బొమ్మలో లేదు, పోండి" అంటే, "ఏ నెల బొమ్మ అండీ? ఏ ఏడాదిది? గడి ఎంత? పెద్దల మాట రాసుకున్నారా?" అని మర్యాదగా అడగడం మనం నేర్చుకోవాలి. చదువు అందుకే.

మనం ఏం చేయొచ్చు?

ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో తేల్చడానికి శాస్త్రజ్ఞులు అడవికి వెళ్ళి చూస్తారు. దీన్ని గ్రౌండ్ ట్రూత్ అంటారు, అంటే నేల చెప్పే నిజం. మనం ఏడాదికి మూడుసార్లు ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఆకు నిండిన రోజులు, పండిన రోజులు, రాలిన రోజులు మూడూ మన సెలవల్లోనే పడతాయి. ఈ పని మనకన్నా బాగా ఎవరు చేస్తారు?

ఒక నోట్‌బుక్ పెట్టండి. ఊరిదగ్గర ఐదు చెట్లు ఎంచుకోండి. ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ తేదీ, చెట్టు పేరు, మన భాషలో దాన్ని ఏమంటారో రాయండి. ఆకుకి మార్కులు వేయండి. నిండుగా ఉంటే 4, ముప్పావు వంతు ఉంటే 3, సగం ఉంటే 2, అక్కడక్కడ ఉంటే 1, బోడిగా ఉంటే 0. చిగురు, పువ్వు, కాయ ఉంటే పక్కన రాయండి. తాతనో నాయనమ్మనో ఒక ప్రశ్న అడగండి: "నీ చిన్నప్పుడు ఈ చెట్టు ఎప్పుడు చిగిర్చేది?" వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి.

వార్డెను గారికి, సైన్సు మాస్టారికి ఒక విన్నపం. ఇస్రో వాళ్ళ భువన్ పటాలు 2009 నుంచి కంప్యూటర్లో అందరూ చూడొచ్చు. ల్యాండ్‌శాట్ పాత బొమ్మలు కూడా 2008 నుంచి ఉచితం. నెట్ ఉన్న రోజున ఒక ఆదివారం మాకు చూపిస్తే, మా ఊరి కొండ యాభై ఏళ్ళ కింద ఎలా ఉందో చూస్తాం, మా నోట్‌బుక్‌తో పోల్చుకుంటాం.

వేసవి సెలవలు అయ్యాక ఎవరి నోట్‌బుక్‌లోంచి వాళ్ళు ఒక పేజీ చింపి తీసుకురండి. అన్నీ ఊళ్ళవారీగా ఈ గోడమీదే అతికిద్దాం. అడ్డతీగలలో ఇప్ప ఎప్పుడు చిగిర్చింది, మారేడుమిల్లిలో ఎప్పుడు చిగిర్చింది అని పక్కపక్కన చూసుకోవచ్చు.